ఎర్రచుక్క పడని సాయంత్రం

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈ పొద్దున వర్షిత మిద్దె మీద ఒక తెల్ల డబ్బా బిగించింది. టిఫిన్ బాక్సు అంత ఉంది. గాలిని లోపలికి పీల్చుకుని అందులో ఎంత పొగ ఉందో చెబుతుందట. "దీనికి ఊపిరుందా?" అని అడిగాను. "చిన్న ఫ్యానుంది అత్తా" అని నవ్వింది.

నా కోడలు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే నాకు సరిగ్గా చెప్పడం రాదు. రాసుకుంటే వస్తుందేమో చూస్తాను. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు నేల మీది మంటల్ని చూస్తాయి. వేడి కనిపించిన చోట కంప్యూటర్ పటంలో ఒక ఎర్రచుక్క పడుతుంది. ఆ చుక్కల్ని బట్టి ఎంత చెత్త కాలింది, ఎంత పొగ లేచింది, అది ఏ ఊళ్ల మీదికి పోయింది అని వీళ్లు అంచనా కడతారు. ఇడుపులపాయ కాలేజీ వాళ్లతో కలిసి చేసే పని. వారంలో రెండు రోజులు అక్కడికి పోతుంది. మిగతా రోజులు ఇక్కడే, ప్రొద్దుటూరులోనే, యశ్వంత్ గదిలో కూర్చుని చేస్తుంది.

యశ్వంత్ గది అనే రాశాను. నా కొడుకు పోయి మూడేళ్లు. ఆమె గది అని రాయాలి.

ఫిబ్రవరి 13

కోతులు. ఆంజనేయస్వామి మనుషులని నేను ఎప్పుడూ ఒక్క మాట అననుగానీ, ఈరోజు డబ్బా వైరు పట్టుకుని ఊగుతుంటే చీపురు తీసుకుని మిద్దె ఎక్కాను. వర్షిత ఇంట్లో లేదు. డబ్బా ఊడదీసి కిందికి తెచ్చాను. దేవుడి గూటి పక్క అరలో, యశ్వంత్ ఫోటో దగ్గర పెట్టాను. అక్కడ ప్లగ్గు కూడా ఉంది. ఈ ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు లేదు. కొత్త వస్తువు కదా అని ఒక బొట్టు పెట్టాను.

సాయంత్రం వర్షిత వచ్చి చూసింది. బొట్టు వైపు కాసేపు చూసి, "బాగుంది అత్తా" అంది.

ఫిబ్రవరి 17, సోమవారం. మాఘ బహుళ పంచమి

వాడి తిథి. బ్రాహ్మణుడు వచ్చి వెళ్లాడు. మా ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే ఉండి, పొద్దంతా కొళాయి బాగు చేశారు. కొళాయికి ఏమీ కాలేదు.

ఆ రోడ్డు గురించి రాయాలని లేదు. రాస్తాను.

జమ్మలమడుగు బ్యాంకులో పని ముగించుకుని వాడు బండి మీద ఇంటికి వస్తున్నాడు. రోడ్డు పక్క చేలో ఎవరో పత్తి కట్టె అంటించారు. గాలి లేదు. పొగ రోడ్డు మీద తెరలాగా పరుచుకుంది. ముందు దారి కనపడక లారీ వాడు ఆపేశాడు. ఆ లారీ మా వాడికి కనపడలేదు. అంతే.

దినాలు అయిపోయాక వర్షిత కంప్యూటర్ ముందు కూర్చుంది. పెళ్లికి ముందు ఆమె చదివింది ఈ చదువే. ఆ తేదీ తీసి, ఆ రోడ్డు తీసి చూసింది. చుక్క లేదు. ఉపగ్రహం మధ్యాహ్నం ఒకసారి మా మీదుగా పోతుంది, మళ్లీ అందరూ నిద్రపోయాక ఒకసారి. పత్తి కట్టె అంటించేది సాయంత్రం. ఆ మధ్యలో మండి ఆరిపోయిన మంట దానికి తెలియదు. ఆకాశం లెక్కలో ఆ సాయంత్రం ఆ రోడ్డు మీద పొగే లేదు.

అప్పుడే ఆమె ఈ పనిలో చేరింది. కనపడని మంటల్ని కూడా లెక్కలోకి తెస్తానంది. పుట్టింటికి పోతుందని అందరూ అనుకున్నారు. పోలేదు. నేను ఉండమనలేదు. పొమ్మని కూడా అనలేదు.

ఎప్పటికైనా ఆ చోట ఒక చుక్క పెడుతుందని నా నమ్మకం. ఆ పని అయ్యేదాకా ఇక్కడే ఉంటుంది కదా.

ఫిబ్రవరి 20, గురువారం

మధ్యాహ్నం ఒక ఆమె అరటి గెల మోయించుకుని వచ్చింది. గడప దాటకముందే, "నీ కోడలు మా తోట మీద ఎర్రచుక్క పెట్టిందంట గదమ్మా!" అంది.

నేను గబుక్కున లేచి నిలబడ్డాను. ఆమె పకపకా నవ్వి, "భయపడొద్దు వదినా. నేను వివేక్ వాళ్లమ్మను, కృష్ణమ్మ. లింగాల నుంచి వచ్చినా" అంది. వివేక్ అంటే వర్షితతో కలిసి పని చేసే పిల్లవాడు. ఇడుపులపాయలో పాఠాలు చెబుతాడు. పని మీద మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పులు వరసగా విడిచి లోపలికి వస్తాడు. నాకు అదొక్కటే తెలుసు.

"మా ఆయన ఎండుటాకులు, పాత డ్రిప్పు పైపులు అన్నీ కుప్పేసి మిట్టమధ్యాన్నం అంటించినాడు వదినా. సరిగ్గా అప్పుడే పైన అది పోతాందంట. దొరికిపోయినాడు. మావాడు ఇంటికొచ్చి నాయనతో ఒకటే గొడవ. నేను ఊరందరికీ కాల్చొద్దని చెప్తాంటే నువ్వు మన తోటలోనే చుక్క పడేస్తివే అని. అంత పైనుంచి కనపడతాదా వదినా? నేను మిద్దె మీద తల ఆరబెట్టుకునేది గూడ కనపడతాదా?"

"మంటే కనపడతాదంట. మనుషులు కనపడరంట" అన్నాను.

"బతికినాం" అంది. మంచినీళ్లు తాగింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మావాడు మీ వర్షితను చేసుకుంటానంటాండాడు. దాచుకునేదేముంది, నేను మొదట శానా ఏడ్చినా. ఎన్ని సంబంధాలు చూసినా, వీడు ఇట్లంటాడేందని. ఇప్పుడు ఏడుపైపోయింది, వచ్చినా. వాళ్ల పుట్టింటోళ్లను కాదు, ముందు నిన్నే అడగల్లని చెప్పినాడు. నువ్వే ఆ పిల్లకు చెప్పల్ల వదినా."

నేను ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు. "శివరాత్రి పోనీ వదినా, చెప్తా" అన్నట్టున్నాను.

వాళ్లది పెద్ద సేద్యం. మాది గుమాస్తా కొంప. మనవాళ్లు కూడా కాదు. ఈ మాట ఇక్కడ ఒక్కసారే రాస్తున్నాను, మళ్లీ రాయను. అది కారణం కాదు.

అరటిపళ్లు తేనెలాగా ఉన్నాయి. ఎవరిచ్చారని వర్షిత అడిగితే అంగట్లో కొన్నానని చెప్పాను. గెలకు గెల ఎవరైనా కొంటారా? ఆమె మళ్లీ అడగలేదు.

ఫిబ్రవరి 21

ఆయనకు చెప్పాను. పేపరు దించకుండానే విన్నారు.

"మంచిదే గదా. చెప్పు."

"మీరే చెప్పండి."

"నేను చెప్తే మామ ఇంట్లోనుంచి పొమ్మంటాండాడు అనుకుంటాది. అది నువ్వు చెప్పాల్సిన మాటే, ఇందూ."

ఆ తర్వాత చాలాసేపు ఆ పేపరు పేజీ తిరగలేదు.

ఫిబ్రవరి 26, శివరాత్రి

వర్షిత కూడా ఉపవాసం ఉంది. వద్దన్నా వినదు. ముక్తిరామలింగేశ్వరుడి గుడిలో అభిషేకానికి వరసలో నా వెనక నిలబడి, నాకు కాళ్లు నొస్తాయని తన బ్యాగు మెట్టు మీద పెట్టి కూర్చోమంది.

ఉపవాసం ఉన్న పిల్లకు ఇలాంటి మాటలు చెప్పకూడదు.

ఫిబ్రవరి 28

నిన్న అమావాస్య. ఈరోజు పాడ్యమి. పాడ్యమి మంచిది కాదంటారు.

మార్చి 4

ఆమెకు తలనొప్పి. చెప్పలేదు.

మార్చి 8, శనివారం

"అత్తా, నాతో వస్తావా? చేలల్లో తిరిగి రైతుల్ని అడగల్ల. వివేక్‌కు ఈరోజు పరీక్షల డ్యూటీ పడింది" అని వర్షిత అంటే సరేనన్నాను. ఏ దారో అడగలేదు. జమ్మలమడుగు బస్సు ఎక్కాక అర్థమైంది. మూడేళ్లుగా నేను ఆ రోడ్డు ఎక్కలేదు. జమ్మలమడుగులో పని ఉంటే ఆయనకే చెబుతాను, ఆయన రోజూ పోయేది అక్కడి ఆఫీసుకే కాబట్టి. ఆయన రోజూ రెండుసార్లు ఆ చోటు దాటుతారు. ఎలా దాటుతారో నేను అడగలేదు.

ఊరికి ముందే దిగాం. రోడ్డుకు బాగా లోపలగా ఒక రైతు పత్తి కట్టె పీకి కుప్పలు వేస్తున్నాడు. పేరు ఖలీల్ అని చెప్పాడు. గడ్డం నెరిసింది.

"ఏంకావల్లమ్మా? భూమి చూసేకొచ్చినారా?"

"కాదన్నా. పొగ చూసేకొచ్చినాం" అంది వర్షిత.

"పొగకు గూడ ఆఫీసర్లొచ్చినారా! కేసు రాస్తారా ఏంది?"

"రాయంలే. ఎప్పుడు అంటిస్తావో చెప్తే చాలు."

"పొద్దు వాలినాక. మధ్యాన్నం గాలి ఎట్ల తిరుగుతాదో చెప్పలేం. పక్క చేను అంటుకుంటే వాళ్ల తిట్లు ఎవడు పడల్ల? మాపటికి గాలి పడిపోతాది. మంట యాడికీ పోదు."

"మంట పోదు సరే. పొగ గూడ యాడికీ పోదు గదన్నా. ఈడే కూర్చుంటాది."

అతను చేతిలో కట్టె కింద పడేశాడు. "అవు బిడ్డా, కూర్చుంటాది. అందుకే రోడ్డు పక్క చేలల్లో ఇప్పుడు అంటించం. కట్టె అంతా ఇట్ల లోపలికి మోసుకుంటాం. మూడేండ్ల కింద ఈడ ఒక పిల్లోడు పోయినాడు, బండి మీద. మసీదు కాడ మేమంతా అనుకున్నాం, గుడి కాడ వాళ్లూ అనుకున్నారు. రోడ్డు దగ్గర అగ్గి పెట్టేది లేదని. అప్పటినుంచి ఎవరూ పెట్టలే."

నేను కట్టె కుప్పకు ఆనుకున్నాను. వర్షిత గొంతు మారలేదు.

"ఆ పొద్దు ఎప్పుడు అంటించినారు?"

"పొద్దు వాలినాకనే. దీపాలు పెట్టే వేళకు."

ఫోనులో రాసుకుంది. అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీకేమన్నా కావల్నా ఆ పిల్లోడు?"

వర్షిత నా వైపు చూసింది. ఆ జవాబు నాకు వదిలిపెట్టింది. "నీళ్లుండాయా నాయనా?" అన్నాను.

వేపచెట్టు కింద కుండలోంచి ముంచి తెచ్చాడు. చల్లగా ఉన్నాయి. ఇంకో చెంబు కూడా తాగాను. అతను మళ్లీ ఏమీ అడగలేదు. మేము రోడ్డెక్కేదాకా పనిలోకి వంగకుండా అలాగే నిలబడ్డాడు.

బస్సులో ఒకరి చేయి ఒకరం పట్టుకున్నాం. ముందు ఎవరు పట్టుకున్నారో తెలియదు.

మార్చి 9

ఈరోజు చెప్పేదాన్నే. నిన్న తిరిగిన అలసట ఆమెకు ఇంకా తీరలేదు.

మార్చి 13, గురువారం

వడియాలు పెట్టడానికి పక్కింటి జరీనా వాళ్ల మిద్దె ఎక్కాను. మా మిద్దె మీద కోతుల బాధ. అక్కడ గోడకు ఒక తెల్ల డబ్బా ఉంది. మా ఇంట్లో ఉన్నదాని తోడబుట్టింది లాగా ఉంది. చుట్టూ వల కట్టి ఉంది.

"అయ్యో, చూసేస్తివా అక్కా!" అంది జరీనా. "నీకు చెప్పొద్దనింది ఆ పిల్ల."

"ఏంది ఇది?"

"మీ ఇంట్లో డబ్బా రోజూ పొద్దున, మాపటికి ఒకటే పొగ పొగ అంటాందంట. ప్రొద్దుటూరు అంతా కాలిపోతాన్నట్టు! ఏమై ఉంటాది చెప్పు?" నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీ సాంబ్రాణి అక్కా."

నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. రోజూ డబ్బా ముందరే ధూపం వేస్తున్నాను. దానికీ ఒకసారి తిప్పుతున్నాను కూడా.

"మరి నాతో చెప్పొచ్చు గదా?"

"నేనూ అదే అన్నా. 'అత్త దాన్ని యశ్వంత్ పక్కన పెట్టింది జరీనక్కా, ఆడనుంచి తియ్యమని ఎట్ల చెప్పేది? అది ఆడనే ఉండనీ. ఆ డబ్బా లెక్క నేను తీసుకోను. నువ్వు ఈ రెండోది పెట్టుకో' అనింది. మా పిల్లోడు జహీర్ వల కట్టిచ్చినాడు. నెల కావస్తాంది."

ఇన్నాళ్లు నా ముందు ఒక్క మాట పైకి రానివ్వకుండా దాచింది. నేనూ ఒకటి దాచాను. ఇద్దరం దాచినవి ఒకలాంటివి కావు.

వడియాలు సరిగ్గా రాలేదు. పిండి పలచనైంది.

మార్చి 14, శుక్రవారం

పౌర్ణమి. మంచి రోజే. కానీ శుక్రవారం పూట ఇంటి లక్ష్మిని పంపించే మాట ఎవరైనా ఎత్తుతారా?

మార్చి 16, ఆదివారం

వివేక్ వచ్చాడు. ఇద్దరూ కంప్యూటర్ ముందు పొద్దంతా లెక్కలు చూశారు. భోజనానికి కూర్చుని, "అమ్మా, చారు ఇంకొంచెం" అని రెండుసార్లు అడిగాడు. వాళ్లమ్మ వచ్చి వెళ్లిన సంగతి ఎత్తలేదు. నేను వడ్డిస్తూ ఆ పిల్లవాడి మొహం వైపు చూడలేకపోయాను.

"మీ నాయన మల్లా చుక్క పెట్టినాడా?" అని వర్షిత అడిగింది.

"లేదు. పైన అది ఏ వేళకు పోతాదో నిన్నడిగి రమ్మన్నాడు. అది పోయినాక అంటిస్తాడంట."

మా ఆయనకు పొలమారింది. వర్షిత నవ్వింది. నేను మజ్జిగ కోసం వంటింట్లోకి వచ్చాను, ఆ నవ్వు గోడ దాటి వచ్చింది. ఈ ఇంట్లో ఆ పిల్ల నవ్వుతూనే ఉంటుంది, నన్ను నవ్వించడానికి. ఇది వేరే నవ్వు. కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఆ గదిలోంచి వినిపించేది.

మజ్జిగ తీసుకుపోవడం మరిచిపోయాను.

మార్చి 20

శుక్ర మూఢం వచ్చింది. ఈ రోజుల్లో శుభకార్యాల ఊసు ఎత్తకూడదు.

ఆయనతో అదే అన్నాను. "మూఢం పెళ్లికి గదే. మాట చెప్పేకి గూడ మూఢమా?" అన్నారు. చొక్కా వేసుకుంటూ గుమ్మంలో ఆగి, "పంచాంగంలో ఇంక అడ్డం వచ్చేవి ఏమేముండాయో అన్నీ ఒకేసారి చెప్పు, ఆ కృష్ణమ్మకు ఫోన్ చేసి చెప్తా. పాపం, ఎదురుచూస్తాంటాది" అన్నారు. ఆయన గట్టిగా అనలేదు. ఆయన ఎప్పుడూ గట్టిగా అనరు.

మార్చి 22, శనివారం

వర్షిత పని ఒక కొలిక్కి వచ్చింది. "అత్తా, రా, చూపిస్తా" అని కంప్యూటర్ ముందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను పక్కన నిలబడింది.

ముందు మన జిల్లా పటం, దాని మీద ఎర్రచుక్కలు. కొండల మీద గుంపులు గుంపులుగా ఉన్నాయి, అడవి కాలినవి. చేల మీద అక్కడొకటి ఇక్కడొకటి. తర్వాత ఏదో నొక్కింది. చుక్కలు పోయి నేలంతా గోధుమరంగు పరుచుకుంది, కొన్నిచోట్ల పలచగా, కొన్నిచోట్ల చిక్కగా.

"ఇది మా అంచనా. చుక్కలు చెప్పేది కొంత. డబ్బాలు పీల్చి చెప్పింది కొంత. చేలల్లో వాళ్లు చెప్పింది కొంత. అన్నీ కలిపితే ఇట్ల వచ్చింది. ఉత్త చుక్కల్నే నమ్ముకుంటే శానా పొగ లెక్కలోకే రాదత్తా. ముఖ్యంగా సాయంత్రాలది."

జమ్మలమడుగు చుట్టూ రంగు చిక్కగా ఉంది. నేను చాలాసేపు చూశాను. మూడేళ్లుగా అడగనిది అడిగాను.

"ఆ పొద్దుకు ఆడ ఒక చుక్క పెట్టమ్మా. ఖలీల్ చెప్పినాడు గదా, దీపాలు పెట్టే వేళకు అంటించినారని."

ఆమె నా కుర్చీ వెనక చెక్కను పట్టుకుంది.

"పెట్టలేనత్తా."

"నీ చేతిలో పనే గదా."

"చుక్క అంటే ఉపగ్రహం చూసిందని. ఆ పొద్దు అది చూడలే. చూడనిదాన్ని చూసిందని నేను పెడితే, మిగతా చుక్కలన్నీ గూడ అబద్ధమైపోతాయి. యశ్వంత్ కోసమైనా నేను ఆ పని చేయలేను."

"మరి వాడి మీద కమ్మిన పొగ యాడుంది ఇందులో?"

ఆమె వంగి, వేలు ఆ గోధుమరంగు మీద పెట్టింది. "ఇందులోనే ఉండాది. విడిగా తీసి ఇదీ అని చూపలేను. కానీ ఉండాదత్తా. ఇన్నాళ్లు లేదన్నారు, ఇప్పుడు ఉండాది."

నేను కూడా ఆమె వేలి పక్కన వేలు పెట్టాను. తెర వెచ్చగా ఉంది.

మార్చి 24

చుక్క రాదని ఆమెకు మొదటినుంచీ తెలుసు. దాని కోసం కూర్చున్నది నేను. ఆమెను కూడా కూర్చోబెట్టాను.

మార్చి 28, శుక్రవారం

పులివెందులలో వ్యవసాయ ఆఫీసర్ల ముందు వాళ్ల లెక్క చూపించాలి. వర్షిత నన్ను కూడా రమ్మంది. నేను వెనక వరసలో కూర్చున్నాను. వివేక్, వర్షిత మార్చి మార్చి చెప్పారు. ఒక ఆఫీసరు, "ఇది అంచనానే కదమ్మా, చూసింది కాదు కదా?" అన్నాడు. "అవును సార్, అంచనానే. ఎంత తప్పు ఉండొచ్చో కూడా ఇక్కడ రాసినాం" అంది. అతను కళ్లద్దాలు సవరించుకుని ఆ కాగితం మళ్లీ మొదటినుంచి చదివాడు. వచ్చే పంట నుంచి కట్టె పొడి చేసే యంత్రాలు ముందు జమ్మలమడుగు వైపు పంపుతామని రాసుకున్నారు. పంపుతారో లేదో దేవుడికెరుక. రాసుకోవడం అయితే నా కళ్లతో చూశాను.

వివేక్ మమ్మల్ని బస్టాండులో దించి లింగాల వెళ్లిపోయాడు. పోయేముందు నా వైపు ఒకసారి చూశాడు. ఆశగా అనుకున్నాను. కాదు, భయంగా.

ప్రొద్దుటూరు బస్సు ఇంకా రాలేదు. వర్షిత రెండు సోడాలు తెచ్చింది. ఆమె మెడ మీద చెమట, జుట్టు అతుక్కుని ఉంది. ముప్పై ఏళ్లు కూడా లేవు. నా పక్కన కూర్చుని నా సోడా మూత తీసి ఇచ్చింది.

అప్పుడు చెప్పాను. మెల్లగా చెప్పాను. సరిగ్గా అప్పుడే కదిరి బస్సు హారన్ కొట్టుకుంటూ లోపలికి వచ్చింది.

"ఏందత్తా?"

మళ్లీ చెప్పాను. కండక్టరు ఊళ్ల పేర్లు అరుస్తున్నాడు.

"వినపడలే!"

"వివేక్ నిన్ను చేసుకుంటానంటాండాడు! వాళ్లమ్మ వచ్చి అడిగిపోయింది!"

నా జన్మలో నేను అంత గట్టిగా మాట్లాడలేదు. బెంచీ మొత్తం మా వైపు తిరిగింది. చీనీకాయల మూట మీద కూర్చున్న ముసలామె, "పిల్లోడు మంచోడేనా?" అంది.

"మంచోడే" అన్నాను.

"మరి ఇంకేంది? నిదానంగా చెప్పు తల్లీ, ఎందుకరుస్తావ్?"

వర్షిత నవ్వుతోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వుతూనే ఉంది. నన్ను పట్టుకుని అవతల స్తంభం దగ్గరికి తీసుకుపోయింది.

"తెలుసత్తా. జనవరిలోనే అడిగినాడు."

"నువ్వేమన్నావ్?"

"మా అత్తకు చెప్పు అన్నా. ఆమె తన నోటితో నాకు చెప్పిన పొద్దు ఆలోచిస్తా అన్నా."

"నేను చెప్పకపోయింటే?"

"నీకు ఇంకా నేను కావల్లని అనుకునేదాన్ని. ఉండేదాన్ని."

ఆమె తన పమిట చెంగుతో ముందు నా మొహం తుడిచి, తర్వాత తనది తుడుచుకుంది. "నిన్నొక్కదాన్నే అనుకోవద్దు. నాకూ తొందర లేకుండె. నాకూ నువ్వు కావల్సుండె."

"ఇప్పుడేమంటావ్ మరి?"

"ఇప్పుడు ఆలోచిస్తా."

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు ఆమెకే ఇచ్చాను.

మార్చి 30, ఉగాది

పచ్చడి బాగా కుదిరింది. వర్షిత రెండుసార్లు వేసుకుంది. ఇంకా ఆలోచిస్తోంది. నేను అడగడం లేదు. నిజంగానే అడగడం లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

కృష్ణమ్మ ఫోన్ చేసింది.

"ఏమంటాది వదినా పిల్ల?"

"ఆలోచిస్తాండాది. తొందరపెట్టొద్దు. ఈలోపల నేను అడగాల్సినవి కొన్నుండాయి."

"అడుగు వదినా, అడుగు."

"మీ ఇంట్లో ఆమె కంప్యూటర్ పెట్టుకునేకి ఏ గది ఇస్తారు?"

"గదంటే... ఎరువుల మూటలు పెట్టే గదుంది. ఖాళీ చేపిస్తా."

"ఎరువుల వాసనకు ఆమెకు తుమ్ములొస్తాయి. సున్నం కొట్టించల్ల. కిటికీ ఉందా?"

"చిన్నదుంది."

"పెద్దది పెట్టించండి. పనిలో పడితే అన్నం మాట మరిచిపోతాది. పిలిస్తే రాదు. పళ్లెం తీసుకపోయి పక్కన పెట్టల్ల. కాఫీ తాగదు, పాలు. అడిగితే వద్దంటాది, అయినా ఇయ్యల్ల."

"ఇస్తా వదినా."

"ఆమె ఉద్యోగం మానుకోదు. ఆ మాట మీ ఆయన నోటితో నేను వినల్ల. ఇంకా, మాఘ బహుళ పంచమికి, మా వాడి తిథికి, ఆమె ప్రతి ఏడూ ఈడికి వస్తాది. ఆ పొద్దు ఎవరూ ఏమీ అనకూడదు."

"అనం వదినా. వివేక్‌ను గూడ తోడు పంపిస్తా" అంది కృష్ణమ్మ.

అవతలి గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "ఏమే ఇందూ, ఆ పిల్ల ఇంకా ఊఁ అననే లేదు గదా."

"ఆమె ఆలోచన ఆమెది. నా పని నేను చేసుకోవద్దా?" అన్నాను.

వర్షిత గది తలుపు ఓరగా తీసి ఉంది. కీబోర్డు చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"ఇంకేమన్నా ఉండాయా వదినా?" అంది కృష్ణమ్మ.

శానా ఉన్నాయి, పోయి పెన్ను తెచ్చుకొమ్మన్నాను.